ఫ్లాష్ పడలేదండీ

ఇకమీదట ఈ రాష్ట్రంలో చిన్నప్పుడు కోరుకోని ఉద్యోగం చేసే మనిషి ఒక్కడు కూడా కనబడకూడదని బాల్యాశయాల శాఖ మంత్రి శ్రీ రామకోటేశ్వరరావు గారు విజయవాడ సభలో ప్రకటించారు. ప్రకటిస్తుండగా ఆయన కళ్ళు చెమర్చాయి. పక్కనున్న పీఏ కర్చీఫ్ అందించాడు. ఆ కర్చీఫ్ మీద కూడా పథకం లోగో ఉంది కాబట్టి ఏర్పాట్లు ముందునుంచే పకడ్బందీగా జరిగాయని నాకు అర్థమైంది.

నా పేరు కిరీటి. మైలవరం బస్టాండు ఎదురుగా మా నాన్న పెట్టిన ఫోటో స్టూడియో ఇప్పుడు నేను నడుపుతున్నాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాశనలు తీస్తాను. ఆ రోజు మంత్రిగారి సభకు కూడా ఫోటోలు తీయడానికే వెళ్ళాను. ఇంత గొప్ప పథకంలో నాకు ఇంత పాత్ర ఉంటుందని అప్పటికి తెలియదు.

"ఎలక్షన్లలో మాటిచ్చాం. ఎవరి కల వారి చేతిలో పెడతామన్నాం. పెట్టి తీరతాం" అన్నారు మంత్రిగారు. జనం చప్పట్లు కొట్టారు. కెమెరా మెడలో వేలాడేసుకుని నేనూ కొట్టాను.

నెల తిరక్కుండా పదకొండు లక్షల దరఖాస్తులు వచ్చాయి. అందులో ఏడు లక్షల మంది చిన్నప్పుడు కలెక్టరు అవుదామనుకున్నవాళ్ళే. రాష్ట్రాన్ని ఎన్ని జిల్లాలుగా కోసినా అంతమందికి చోటు దొరకదని, ఒక్కో కలెక్టరుకు ఒక వీధి కూడా పూర్తిగా రాదని ప్రత్యేకాధికారి వెంకటసుబ్బారావు గారు తేల్చారు. శాఖలో అందరూ దిగులుపడ్డారు. ఆయన మాత్రం ఫైలు మీద ఒకే ఒక్క ప్రశ్న రాశారు. "చిన్నప్పటి కల అనుటకు రుజువు ఏమి?"

మంత్రిగారు దాన్ని రెండుసార్లు చదివి, ఇన్నేళ్ళ పరిపాలనలో ఎవరికీ తట్టని ప్రశ్న అని మెచ్చుకున్నారట.

ప్రశ్న వేసిన ఆయనే జవాబు కూడా కనిపెట్టారు. పెద్దయ్యాక చెప్పే చిన్నప్పటి కలలో కల్తీ ఉంటుంది. బళ్ళో చెప్పేది మాస్టారికి భయపడి చెబుతారు. ఇంట్లో చెప్పేది చుట్టాల మెప్పు కోసం చెబుతారు. మనిషి కల్తీ లేని కోరికను ఒక్కసారే బయటపెడతాడు, అదీ మాటలు రాకముందు, అన్నప్రాశన నాడు. ఎదురుగా పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి, పూలు, పరమాన్నం గిన్నె పెట్టి పిల్లవాణ్ణి వదిలితే పాక్కుంటూ వెళ్ళి ఏది పట్టుకుంటాడో దాన్నిబట్టే వాడి బతుకు ఉంటుందని మనవాళ్ళు అనుకుంటూనే ఉన్నారు. ప్రభుత్వం దాన్ని గుర్తించలేదు, అంతే. అన్నప్రాశన ఫోటోలో చేతిలో ఏముంటే అదే దరఖాస్తుదారుడి కల అని జీవో వచ్చింది. ఆ ఫోటో లేనివారిని కలలు లేనివారిగా పరిగణించాలని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

మర్నాడు పొద్దున్నే నా స్టూడియో ముందు క్యూ మొదలైంది. మా నాన్న, నేను అరవై ఏళ్ళుగా తీసిన నెగెటివ్‌లు బిస్కెట్ డబ్బాల్లో ఉన్నాయి. మైలవరం, కొండపల్లి, ఇటు హనుమాన్ జంక్షన్ దాకా మూడు తరాల పసివాళ్ళు ఆ డబ్బాల్లోనే ఉన్నారు. శాఖవాళ్ళు వచ్చి నా బోర్డు పీకి 'ఆశయాల ధ్రువీకరణ కేంద్రం' అని కొత్త బోర్డు కట్టారు. నాకో రబ్బరు స్టాంపు ఇచ్చారు.

ఇక్కడ మా వృత్తిలో రహస్యం ఒకటి చెప్పుకోవాలి. పిల్లవాడు మొదట పట్టుకున్న వస్తువు అన్నప్రాశన ఫోటోలో ఉండదు. వాడు పట్టుకున్నప్పుడు మేం ఫోకస్ చూసుకుంటూ ఉంటాం, లేదా మేనమామ తల అడ్డం వస్తుంది. "ఫ్లాష్ పడలేదండీ, ఇంకోసారి పట్టించండి" అంటాం. అప్పుడు తాతగారు ఒకటి పట్టిస్తారు, అమ్మమ్మగారు ఇంకొకటి పట్టిస్తారు. ఆఖరికి పిల్లవాడు ఏడుపు ఆపి దేన్ని పట్టుకుంటే అది ఆల్బంలోకి ఎక్కుతుంది. ఈ సంగతి వెంకటసుబ్బారావు గారికి విన్నవించుకున్నాను.

"జీవోలో ఫ్లాష్ గురించి లేదండి" అన్నారాయన.

"లేదండి. కానీ పిల్లలు ముందు పట్టుకునేది వేరండి."

"కిరీటి గారూ, ఫోటోలో లేనిది జరగనట్టే. ఫోటోగ్రాఫర్ అయ్యుండి మీరే ఆ మాటంటే ఎలాగండి?"

నాకు సిగ్గేసింది. వెళ్ళి స్టాంపు ప్యాడ్‌లో సిరా పోసుకున్నాను.

మొదటి లబ్ధిదారుడు హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్ బండి పెట్టుకున్న బాలశౌరి. అతనికి చిన్నప్పటినుంచీ పైలట్ కావాలని కోరిక. గన్నవరంలో దిగే విమానం చప్పుడు విని టైమెంతో చెప్పగలడు. డబ్బాలోంచి ఫోటో తీసి చూస్తే ఆరు నెలల బాలశౌరి చేతిలో అట్లకాడ ఉంది.

"మీ కల నెరవేరి పదహారేళ్ళయింది. కంగ్రాట్స్ అండి" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

"అప్పటికి నాకు ఆరో నెలండీ. ఇమానం అంటే ఏంటో నాకేం తెలుసండీ?"

"నేను చెప్పేదీ అదే. ఆరో నెల్లో మనిషి అబద్ధం ఆడడు."

"ఆ అట్లకాడ వంటావిడ మర్చిపోయిందండీ."

"ఆవిడ మర్చిపోయింది. మీరు గుర్తుపట్టారు."

బాలశౌరి సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి బండికి తగిలించుకున్నాడు. ఇప్పటికీ విమానం చప్పుడైతే అట్టు తిరగేయడం ఆపి పైకి చూస్తాడు, అట్టు మాడుతుంది.

రెండు నెలల్లో తొంభై రెండు శాతం కలలు సాకారమయ్యాయని పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటన వేశారు. పరమాన్నం గిన్నె పట్టుకున్నవాళ్ళందరినీ 'స్వయంతృప్తి కేటగిరీ'లో వేశారు. తమకు ఏ ఉద్యోగమూ అక్కర్లేదని వాళ్ళు ఆ వయసులోనే తేల్చి చెప్పేశారని మంత్రిగారు వివరించారు.

మంత్రిగారి ఫోటో కూడా మా డబ్బాలోనే దొరికింది. మా నాన్న తీసింది. అందులో పిల్లవాడు పరమాన్నం గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఇంకెవరికీ అందకుండా దానిమీద బోర్లా పడుకుని ఉన్నాడు. మూతినిండా పరమాన్నమే. వెంకటసుబ్బారావు గారు దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు.

"ప్రజలకు పంచడానికి పట్టుకున్నారండి" అన్నారు.

"మూతికి అంటిందండి."

"రుచి చూడకుండా ప్రజలకు పెడతారా ఎవరైనా?"

స్టాంపు వేశాను.

అంతా సాఫీగా సాగిపోతున్న సమయంలో ఏంజెల్ వచ్చింది. కొండపల్లిలో చెక్కబొమ్మలకు రంగులు వేసే మరియదాసు కూతురు. బీఈడీ చదివి, ప్రభుత్వ బడిలో మూడో తరగతికి ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. ఏడాదికోసారి ఆ కాంట్రాక్టు పొడిగిస్తారు. ఈసారి పొడిగించాలంటే అన్నప్రాశన ఫోటోలో చేతిలో పుస్తకమో పెన్నో ఉండాలన్నారు. లేకపోతే ఉద్యోగం పోతుంది.

ఏటా ఆ బడికి గ్రూప్ ఫోటో తీయడానికి వెళతాను కాబట్టి ఏంజెల్ పాఠం చెప్పడం నేను చూశాను. తరగతిలో నలభై మంది. ఆమె తల వంచుకుని పేర్లు పిలుస్తుంది. రాని స్నేహితుడి బదులు ఇంకొకడు "ప్రెజెంట్ మేడం" అంటే గొంతునిబట్టి పట్టేస్తుంది. తల కూడా ఎత్తదు. "ప్రాక్సీ చెప్పినవాళ్ళు గోడ దగ్గరికి" అంటుంది. అరవదు. వాడు మారు మాట్లాడకుండా లేచి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడతాడు. ఒకసారి నన్ను కూడా, వెలుతురుకి అడ్డం వస్తున్నారు, పక్కకి జరగండి అంది. వెంటనే జరిగాను.

మరియదాసు కూతుర్ని తీసుకుని స్టూడియోకి వచ్చాడు. అతనికి చిన్నప్పుడు రైలు నడపాలని ఉండేది. నలభై ఏళ్ళుగా చెక్క రైలింజన్లకు నల్లరంగు పూస్తున్నాడు. రైలు రోజూ చేతిలోనే ఉంది కదా అని శాఖవారు అతని కలను నెరవేరినవాటిలో రాసుకున్నారు. దానికి అతనేమీ అనుకోలేదు. కూతురి సంగతికే దిగులుపడుతున్నాడు.

డబ్బా తీసి ఫోటో వెతికాను. వెతక్కముందే నాకు తెలుసు. అందులో ఏడు నెలల ఏంజెల్ చేతిలో చెక్క చిలక ఉంది.

మా నాన్న లేకుండా నేనొక్కణ్ణే వెళ్ళి తీసిన మొదటి అన్నప్రాశన అది. ఫాదర్ గారు ప్రార్థన చేశాక పాపను చాప మీద వదిలారు. అటూ ఇటూ చూడకుండా తిన్నగా పుస్తకం దగ్గరికి పాకింది. పట్టుకోవడమే కాదు, అట్ట తెరిచి లోపలికి చూసింది. కంగారులో బటన్ సగమే నొక్కాను. ఫ్లాష్ పడలేదు. "ఇంకోసారి పట్టించండి" అన్నాను. పుస్తకం లాక్కునేసరికి పాప ఏడుపు లంకించుకుంది. ఊరుకోబెట్టడానికి మరియదాసు తను రంగులేసిన చిలకను చేతిలో పెట్టాడు. అప్పుడు ఫ్లాష్ పడింది.

"ఏవయ్యా కిరీటీ, పాప పుస్తకం పట్టుకోడం నువ్వు చూళ్ళేదా?" అన్నాడు మరియదాసు.

"చూశాను."

"మరి ఫోటోలో ఏదయ్యా?"

ఏంజెల్ ఫోటోని చేతిలోకి తీసుకుని చూసింది.

"చిలకంటే నాకు ఇష్టమే అంకుల్" అంది. "కానీ మా పిల్లలకి ఇంకా భాగహారాలు అవలేదు."

తిట్టినా బాగుండేది. నా వేలి కింద పడని ఒక్క వెలుగు ఆ పిల్ల ఆరేళ్ళ కష్టాన్ని తుడిచేస్తోంది.

వెంకటసుబ్బారావు గారి దగ్గరికి నేనే వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "చిలక అంటే హస్తకళల కేటగిరీ అండి. వాళ్ళ నాన్నగారి దగ్గరే ఖాళీ ఉంటుందేమో చూడమనండి" అన్నారు. నేను కదల్లేదు. ఆయన జాలిపడి సొరుగులోంచి కొత్త జీవో తీసి చూపించారు. ఫోటోతో ఏకీభవించని పౌరులకు అప్పీలు సౌకర్యం ఉంది. దాని పేరు పునరన్నప్రాశన.

మొదటి పునరన్నప్రాశన శిబిరం హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక కల్యాణ మండపంలో పెట్టారు. అప్పీలుదారులు మూడు వందల మంది. వస్తువులు తొమ్మిది అడుగుల దూరంలో ఉంటాయి. మోకాళ్ళ మీదే వెళ్ళాలి, లేచి నిలబడితే అనర్హులు. ఏడో నెల వయసులో ఉన్న స్థితిలోనే హాజరు కావాలని నోటీసులో వేశారు. ఇద్దరు పెద్దమనుషులు దాన్ని అక్షరాలా పాటించబోయేసరికి 'దుస్తులు ధరించి' అని సవరణ ఇచ్చారు.

ఎనిమిదింటికి వస్తామన్న మంత్రిగారు ఒంటిగంటకు వచ్చారు. ఈలోగా చాప మీద పెట్టిన పెన్నుతో అందరూ సంతకాలు పెట్టారు, ఆఖరున పెట్టినాయన దాన్ని జేబులో పెట్టుకుపోయారు. పూలు మంత్రిగారి దండలో కలిశాయి. కత్తి వంటవాళ్ళకు అవసరమైంది. బంగారం పెడతారా అంటే అది భద్రమైన చోట ఉందన్నారు. పుస్తకం తీసుకురావడం ఎవరికీ గుర్తులేదు. మండపమంతా వెతికినా ఒక్క పుస్తకం దొరకలేదు. చివరికి ఒక గుమస్తా హాజరు పట్టీ తెచ్చి ఆ చోట పెట్టాడు. పరమాన్నం మాత్రం యాలకుల వాసనతో వేడివేడిగా వచ్చింది.

పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ లేని మనుషులు. మూడు వందల మందిలో రెండు వందల డెబ్భై మంది పరమాన్నం గిన్నె పట్టుకున్నారు. ప్రజల్లో ఇంత తృప్తి ఉందని తాను కూడా ఊహించలేదని మంత్రిగారు మైకులో అన్నారు.

ఏంజెల్ పేరు పిలిచారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. "నేను చూళ్ళేనయ్యా" అని మరియదాసు గుడ్డతో మొహం కప్పుకున్నాడు. నేను ఆ ఉదయమే ఫ్లాష్‌లో కొత్త బ్యాటరీలు వేసుకొచ్చాను. ఏంజెల్ పరమాన్నం గిన్నెను దాటింది. అటూ ఇటూ చూడలేదు. తిన్నగా వెళ్ళి పుస్తకం మీద చెయ్యి వేసింది. ఫ్లాష్ పడింది. ముప్ఫై ఏళ్ళ బరువు దిగినట్టయింది నాకు.

వెంకటసుబ్బారావు గారు ఆమె చేతిలోది తీసుకుని తిప్పి చూశారు.

"ఇది హాజరు పట్టీ అండి."

"పుస్తకం బదులు మీరే పెట్టారు కదండీ" అన్నాను.

"పెట్టింది మేము. పట్టుకున్నది ఆవిడ."

అక్కడికక్కడే ఆర్డరు టైపు చేయించారు. కుమారి ఏంజెల్‌ను పునరన్నప్రాశన శిబిరాలకు హాజరు సహాయకురాలిగా నియమించడమైనది.

"మరి మా మూడో తరగతికి ఎవరొస్తారండీ?" అని అడిగింది ఏంజెల్.

"పెన్ను పట్టుకున్నవాళ్ళు ఎవరో ఒకరు వస్తారులేమ్మా."

"పెన్ను పోయిందండీ."

"దొరగ్గానే పంపిస్తాం" అన్నారు వెంకటసుబ్బారావు గారు. ఆయన మాట ఇస్తే తప్పరని శాఖలో చెప్పుకుంటారు.

అప్పటినుంచి వారానికి రెండు శిబిరాలు. హాజరు పలకనివారు పట్టుకున్నది చెల్లదని వెంకటసుబ్బారావు గారు కొత్త నిబంధన పెట్టారు. ఏంజెల్ తల వంచుకుని పేర్లు పిలుస్తుంది. నలభై ఏళ్ళ మనుషులు, బట్టతలలవాళ్ళు, మనవలున్నవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని "ప్రెజెంట్ మేడం" అంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె హాజరు పట్టీ వెనక పేజీలో భాగహారం లెక్కలు రాసుకోవడం చూశాను. ఎవరికమ్మా అంటే, సాయంత్రం ఇంటికొచ్చే పిల్లలకి అంకుల్ అంది.

పోయిన నెలలో మంత్రిగారి మనవడికి ఎనిమిదో నెల వచ్చింది. పేరు నాని. అతని అన్నప్రాశనను ఆదర్శ అన్నప్రాశనగా శాఖ తరఫున అదే మండపంలో జరిపారు. విలేకరులు వచ్చారు. ఫోటో తీయడం నా వంతు, హాజరు ఏంజెల్ వంతు.

చాప మీద ఒకే ఒక్క వస్తువు ఉంది. జానెడు చెక్క కుర్చీ. దాని వీపు మీద, ఆఫీసర్ల కుర్చీలకు వేస్తారే, అలాంటి తెల్ల తువ్వాలు. అది కూడా చెక్కతోనే చెక్కి తెల్లరంగు వేశారు. ఆ రంగు మరియదాసు వేసిందే.

"మిగతావి పెట్టలేదేమండీ?" అని అడిగాను.

"చాయిస్ ఎక్కువైతే పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారండి" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

నానిని వదిలారు. వాడు వెనక్కి తిరిగి వంటశాల వైపు పాకాడు. ఇద్దరు గుమస్తాలు చాప పట్టుకుని తిప్పారు. వాడు ఎడమకు పాకాడు. కుర్చీని ఎడమకు మోశారు. వాడు కుడికి తిరిగాడు. వెంకటసుబ్బారావు గారు స్వయంగా కుర్చీ పట్టుకుని కుడికి పరిగెత్తారు. ముప్పావుగంట సేపు మండపమంతా పిల్లవాడి వెంట కుర్చీ తిరిగింది. ఆఖరికి నాని అలిసిపోయి చాప మధ్యలో బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు.

మంత్రిగారు మోకాళ్ళ మీద కూర్చుని, మనవడి చెయ్యి మెల్లగా తీసి కుర్చీ మీద ఆనించారు. "ఊఁ, కానీవోయ్" అన్నారు నాతో. కెమెరా ఎత్తాను.

"ఒక్క నిమిషమండీ. హాజరు అవలేదు" అంది ఏంజెల్.

నిబంధన నిబంధనే కాబట్టి అందరూ ఆగారు. ఆమె తల వంచుకుని పట్టీ తెరిచింది.

"నాని."

జవాబు లేదు.

"నాని."

పిల్లవాడు నిద్రలో పెదవులు చప్పరించాడు. ఏంజెల్ ఎర్ర పెన్ను మూత తీసింది.

"పిల్లాడు ఎదురుగానే ఉన్నాడు కదమ్మా" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

"పలకలేదండీ."

వెంకటసుబ్బారావు గారు మంత్రిగారి చెవి దగ్గరికి వంగారు. ఆబ్సెంట్ పడితే కుర్చీ చెల్లదని ఆయన గుసగుసగా చెప్పడం నాకు వినబడింది. మంత్రిగారు విలేకరుల వైపు చూశారు. కుర్చీ వైపు చూశారు. మోకాళ్ళ మీద ఉన్నవారు ఉన్నట్టే చెయ్యి పైకెత్తి, గొంతు సన్నగా చేసి పలికారు.

"ప్రెజెంట్ మేడం."

ఏంజెల్ తల ఎత్తలేదు.

"ప్రాక్సీ చెప్పినవాళ్ళు గోడ దగ్గరికి" అంది. అరవలేదు.

మంత్రిగారు లేచారు. మారు మాట్లాడలేదు. నడుచుకుంటూ వెళ్ళి, చేతులు కట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డారు. ప్రోటోకాల్ ప్రకారం వెంకటసుబ్బారావు గారు కూడా వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు.

నేను ఫ్రేము చూసుకున్నాను. చాప మీద నాని నిద్రపోతున్నాడు. వెనక గోడ దగ్గర ఇద్దరు. ముందు ఏంజెల్, పెన్నూ పుస్తకమూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి. బటన్ నొక్కాను.

ఫ్లాష్ మొదటిసారే పడింది.